వేలూరు ఇంగ్లీషు ఉన్నత పాఠశాల: చరిత్ర, స్వభావము

ఏటేటా వేసవి సెలవులు వచ్చునప్పటికి మన యిండ్లలో ఒక ప్రశ్న తలయెత్తుచుండును. అబ్బాయిని ఇంగ్లీషు పాఠశాలలో చేర్పింపవలెనా, తెలుగు చెప్పు పాఠశాలలోనే యుంచవలెనా? అమ్మాయికి భాషాపాఠముగా దేనిని వ్రాయింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పువారు పలువురు కలరు. కాని ఇంగ్లీషు ఉన్నత పాఠశాల మన ప్రాంతమునకు ఎట్లు వచ్చినది, ఎవరు కోరగా వచ్చినది, దాని స్వభావ మెట్టిది అని విచారించువారు తక్కువ. ఈ సంగతులు తెలిసికొన్నచో పై ప్రశ్నలు కొంత సులభమగునని తలచి, వేలూరులో మనమందరము ఊరీసు అని పిలుచు విద్యాలయమును ముఖ్యమైన ఉదాహరణముగా గైకొని, ఈ వ్యాసమును తలిదండ్రుల ముందుంచుచున్నాము.

ఉత్తర ఆర్కాటు జిల్లా

నేడు వేలూరు, గుడియాత్తము తమిళనాడులోనివి. చిత్తూరు, పలమనేరు ఆంధ్రప్రదేశములోనివి. 1911 వరకు ఈ యెల్ల లేదు. ఇవన్నియు తిరుపతి, తిరుత్తణి, వాలాజాపేటలతో గూడ ఉత్తర ఆర్కాటు అను ఒకే జిల్లాలో నుండెను. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడిన పిమ్మటనే ఉత్తర ఆర్కాటు కచ్చేరీలు వేలూరునకు వచ్చినవి.

ఉత్తరపు తాలూకాలలో తెలుగు, దక్షిణపు తాలూకాలలో తమిళము, నడుమ రెండును వినబడుచుండిన దేశమిది. ఆంబూరు, వాణియంబాడి పట్టణములలో ఉర్దూ గృహభాషగా గల కుటుంబములు అనేకములు. పలమనేరు కొండలవైపునుండి వచ్చు కౌండిన్యనది గుడియాత్తము మీదుగా పోయి పాలారులో కలియుచున్నది. మగ్గమును, వర్తకమును నమ్ముకొన్న తెలుగు కుటుంబములును ఆ దారులవెంటనే రాకపోకలు సాగించి ఇచట స్థిరపడినవి. గుడియాత్తములో నెల్లూరుపేట యను పేటయే కలదు. వేలూరును మన పెద్దలు రాయవేలూరని పిలుచుచుండిరి. కనుక మనము ఈ గడ్డకు నిన్న వచ్చిన అతిథులము కాము. ఇచటి పాఠశాలల చరిత్ర మన చరిత్రయు నగును.

ఇంగ్లీషు చదువును కోరినవారెవరు?

ఇంగ్లీషు చదువును దొరలు మన తలపై బలవంతముగా మోపిరని సాధారణముగా చెప్పుదురు. ఇందు కొంత సత్యము కలదు. 1844లో గవర్నరు జనరలు హార్డింజి, ప్రభుత్వోద్యోగములలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యమీయవలెనని తీర్మానించెను. 1854లో ఛార్లెస్ ఉడ్ పంపిన విద్యాపత్రము, ప్రభుత్వేతరులు నడపు పాఠశాలలకు ధనసహాయము చేయు పద్ధతిని నెలకొల్పెను. మరుసటి సంవత్సరమే మద్రాసు రాజధానిలో సహాయ ద్రవ్యపు నిబంధనలు వెలువడెను. 1856లో రాయపురమునుండి వాలాజా వరకు దక్షిణదేశపు మొదటి రైలు నడచెను. తరువాత ఆ మార్గము కాట్పాడి, గుడియాత్తము మీదుగా పడమటికి సాగెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. రైలునకు గుమాస్తాలు కావలెను. కచ్చేరీలకు వ్రాయసకాండ్రు కావలెను. న్యాయస్థానములకు ప్లీడర్లు కావలెను. మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థుడైన బాలునకు ఈ తలుపులు తెరచియుండెను.

కాని వేలూరు కథలో నొక విశేషమున్నది. ఊరీసు విద్యాలయమును నడపినది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి వారి ఆర్కాటు మిషను. స్కడ్డర్ సోదరులు 1853లో దీనిని స్థాపించిరి. ఆ కాలమున వారి పైసంస్థయైన అమెరికను బోర్డుకు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్. ఆయన 1854-55లో భారతదేశమునకు వచ్చి మిషను పాఠశాలలను పరిశీలించి, ఇంగ్లీషు పాఠశాలలపై ధనము వెచ్చించుట తగదనియు, దేశభాషలలోనే బోధింపవలెననియు గట్టిగా వాదించెను. ఆయన ప్రభావమువలన పలుతావుల ఇంగ్లీషు పాఠశాలలు మూతపడినవి. ఆర్కాటు మిషను వారును ప్రారంభమున గ్రామములలో దేశభాషా బోధనకే ప్రాముఖ్యమొసంగిరి.

అట్టి మిషను, అర్ధశతాబ్ది నిండకముందే, 1898లో వేలూరున ఇంగ్లీషు కళాశాలను ప్రారంభించెను. ఉన్నత పాఠశాలయు, దానిపై రెండు సంవత్సరముల ఎఫ్.ఏ. తరగతులును ఒకే సంస్థగా నడచెను. న్యూజెర్సీ రాష్ట్రమునకు చెందిన ఊరీసు దంపతులు ధనసహాయము చేయగా, ఆ యిల్లాలి పేరుమీద అది ఎలిజబెత్ రాడ్మన్ ఊరీసు కళాశాల యయ్యెను. ఈ దంపతుల దానముతోనే అమెరికాలో దక్షిణ కరొలైనాయందు నల్లజాతి పిల్లలకై వెలసిన యొక విద్యాలయము కూడ వృద్ధిపొంది, నేటికిని వారి పేరనే నడచుచున్నది.

దేశభాషలను పట్టుకొన్న మిషను ఇంగ్లీషువైపునకు మరలుటకు కారణమేమి? పట్టణములలోని తలిదండ్రులు ఇంగ్లీషును కోరిరి. కుమారునకు ఉద్యోగము కావలెనన్న వాంఛ ముందు విదేశములనుండి వచ్చిన సిద్ధాంతము నిలువలేదు. ఇట్టిదే మరియొక నిదర్శనము కలదు. 1882లో హంటరు కమీషను, ఉన్నత పాఠశాలలలో మెట్రిక్యులేషనునకు పోవు మార్గముతోబాటు, వర్తకమునకును చేతిపనులకును ఉపయోగించు రెండవ మార్గమును గూడ ఏర్పరుపవలెనని చెప్పెను. దేశమంతటను ఆ రెండవ మార్గమున చేరినవారు బహు స్వల్పము. కమీషను వారు వ్రాసినదానిని తలిదండ్రులు త్రోసిపుచ్చిరి. అధికారులు విధానములను వ్రాయుదురు. ధనికులు కట్టడములను కట్టింతురు. కాని ఆ కట్టడములో ఏ చదువు నిలుచునో నిర్ణయించుటలో బిడ్డలను పంపు తలిదండ్రుల కోరికకు పెద్ద పాలు కలదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే.

దాని స్వభావము

ఆ నాటి ఇంగ్లీషు ఉన్నత పాఠశాల ఇంగ్లండులోని గ్రామరు పాఠశాలల పోలికపై ఏర్పడినది. తరగతులకు ఫారములని పేరు. మొదటి ఫారము మొదలు మూడవ ఫారము వరకు మాధ్యమిక విద్య. నాలుగు, ఐదు, ఆరు ఫారములు ఉన్నత విద్య. మన పెద్దలలో సిక్స్త్ ఫారము చదివితినని చెప్పుకొన్నవారిని మనమెరుగుదుము. గంట కొట్టినప్పుడు పాఠము మారుట, హాజరు పట్టిక, కసరత్తు, ఆటల పోటీలు, బహుమతి ప్రదానోత్సవము, చివరకు ఈ వార్షిక సంచికయు ఆ సంప్రదాయమునుండి వచ్చినవే. వీథిబడిలో ఒక్క గురువు అన్ని ఈడుల పిల్లలకు చదువు చెప్పుచుండగా, ఇచట విషయమున కొక ఉపాధ్యాయుడు, వయస్సున కొక తరగతి ఏర్పడెను.

ఈ పాఠశాలలకు గుణములును దోషములును కలవు. వివిధ కులముల బాలురు ఒకే బల్లపై కూర్చుండి చదువుట అనేకులకు ఇచటనే మొదలాయెను. లెక్కలు, భూగోళము, ప్రకృతి శాస్త్రము క్రమముగా బోధింపబడెను. అయితే పై ఫారములలో ఈ విషయములన్నియు ఇంగ్లీషులోనే చెప్పబడుటచే, అర్థము తెలియకున్నను వాక్యములను కంఠస్థము చేయు అలవాటు బలపడెను. చదువంతయు ఒక్క మెట్రిక్యులేషను పరీక్ష చుట్టును తిరుగుచుండెను. ఈ పీడను తగ్గింపగోరి 1911లో మద్రాసు రాజధానియందు ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఏడాది పొడుగున చేసిన పనికిని విలువ నీయవలెనని దాని ఉద్దేశము.

ఇంగ్లండుతో పోల్చినప్పుడు మరియొక భేదము కానవచ్చును. అచట 1902వ సంవత్సరపు విద్యాచట్టము తరువాత స్థానిక ప్రభుత్వములు ఉన్నత పాఠశాలలను విరివిగా స్థాపించెను. రైలుమార్గముల వెంబడి పెరిగిన నగర శివారులలో గుమాస్తాల బిడ్డలు, చిన్న వర్తకుల బిడ్డలు అట్టి పాఠశాలలలో చేరిరి. ఆ బిడ్డకు లాటిను, ఫ్రెంచి నేర్పిరి. కాని గణితమును, చరిత్రమును తల్లితో మాటలాడు భాషలోనే బోధించిరి. మనము ఆ పాఠశాలల గంటను, ఫారమును, పరీక్షను తెచ్చుకొంటిమి. వాటి క్రిందనున్న మాతృభాష యను పునాది మాత్రము సముద్రమునకు ఆవలనే యుండిపోయెను.

అయినను మన భాషలకు ఆ పాఠశాలలలో బొత్తిగా తావు లేకపోలేదు. ఇంగ్లీషుతోబాటు ఒక ద్వితీయ భాషను చదువుటకు మద్రాసు విశ్వవిద్యాలయ నియమములలో అవకాశముండెను. ఆర్కాటు మిషనులోనే తెలుగున పండినవారు కలరు. మదనపల్లెలో చిరకాలము పనిచేసి 1908లో అచటనే మరణించిన జేకబ్ ఛాంబర్లేను తెలుగు బైబిలు సవరణలో ముఖ్యుడు. ఆయన కుమారుడు విలియం ఛాంబర్లేను వేలూరు కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను.

ఇద్దరు విద్యార్థులు

ఇంగ్లీషు పాఠశాలవలన లాభమును సంపూర్ణముగా పొందినవారు ఎట్టివారు? ఉత్తర ఆర్కాటు బిడ్డలను ఇద్దరిని చూచెదము.

సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించెను. 1896 మొదలు 1900 వరకు తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలోను, 1900 మొదలు 1904 వరకు వేలూరు ఊరీసు కళాశాలలోను, తదుపరి మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. మిషనరీ ఉపాధ్యాయులు హిందూ ధర్మమును విమర్శించుచుండగా తన మనస్సు కలతపడెననియు, ఆ కలతయే తనను స్వకీయ దర్శనముల పరిశోధనకు పురికొల్పెననియు ఆయనయే తరువాత వ్రాసికొనెను. ఇంటినుండి తెచ్చుకొన్న సంస్కారము గట్టిగా నుండుటచేత ఆ విమర్శ ఆయనకు సానరాయి యయ్యెను.

కట్టమంచి రామలింగారెడ్డి 1880లో చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచి గ్రామమున జన్మించెను. చిత్తూరు ఉన్నత పాఠశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివెను. ఆ కళాశాలలోని తెలుగు సంఘము నడపిన పోటీకై 'ముసలమ్మ మరణము' అను కావ్యమును రచించి బహుమానము పొందెను. ఇంగ్లీషు కళాశాల గోడల నడుమ తెలుగు సంఘమొకటి యుండుటయు, అందు విద్యార్థి కావ్యము వ్రాయుటయు గమనింపదగిన సంగతులు. పిమ్మట ఆయన కేంబ్రిడ్జికి పోయెను. ఇంగ్లీషులో మహావక్త యని పేరొందెను. 1914లో 'కవిత్వ తత్త్వ విచారము' వెలువరించి తెలుగు విమర్శకు క్రొత్త త్రోవ చూపెను.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికి ప్రథమోపాధ్యక్షుడు రామలింగారెడ్డి. 1931లో ఆ పదవికి వచ్చినది రాధాకృష్ణ పండితుడు. 1936లో మరల రామలింగారెడ్డియే వచ్చెను. ఒకే జిల్లాలోని ఇంగ్లీషు పాఠశాలలలో చదివిన ఇద్దరు బాలురు తెలుగువారి విశ్వవిద్యాలయమును ఒకరి తరువాత ఒకరు నడిపిరి. 1948-49లో రాధాకృష్ణ పండితుని అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, ఉన్నత విద్యలో ఇంగ్లీషునకు మారుగా ప్రాంతీయ భాషను బోధనాభాషగా త్వరలో తేవలెననియు, లోకమున పెరుగుచున్న జ్ఞానముతో సంబంధము తెగకుండుటకై ఇంగ్లీషును పాఠశాలలలో నేర్పుచునే యుండవలెననియు సూచించెను. ఇంగ్లీషువలన మిక్కిలి మేలుపొందిన మహనీయుడే ఇట్లు చెప్పుట ఆలోచింపదగినది.

బోధనాభాష మారిన తరువాత

ఇంగ్లీషు బోధనాభాషగా నున్నంతకాలము తెలుగు బిడ్డకును, తమిళ బిడ్డకును కష్టము సమానమే. ఇరువురికిని అది పరభాష. 1930 తరువాత ఉన్నత పాఠశాలలలో క్రమక్రమముగా ప్రాంతీయ భాషలు బోధనాభాషలయ్యెను. ఇది మంచిమార్పు. కాని తమిళదేశములోని తెలుగు బిడ్డ విషయమున నొక క్రొత్త చిక్కు పుట్టెను. తెలుగులో బోధించు విభాగము పాఠశాలలో లేనిచో, వానికి తమిళ మాధ్యమముగాని ఇంగ్లీషు మాధ్యమముగాని శరణ్యము. మన కుటుంబములు ఇంగ్లీషువైపు మ్రొగ్గుటకు ఉద్యోగాశతోబాటు ఇదియు నొక కారణము.

1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణచే 350ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించు వసతులు కల్పింపవలెనని అది చెప్పుచున్నది. తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొను హక్కును 30వ అధికరణము 1950 నాడే ఇచ్చియుండెను. 1954లో గుడియాత్తము ఉపయెన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించిన కామరాజు ముఖ్యమంత్రిత్వమున గ్రామగ్రామమున పాఠశాలలు వెలసినవి. 1956లో మధ్యాహ్న భోజనపథకము ఆరంభమాయెను. పేదవాని బిడ్డకు బడి దగ్గరయ్యెను. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరగా, తెలుగు కుటుంబములు మరికొన్ని ఈ రాష్ట్రమువారైనవి. 1968లో రాష్ట్ర ప్రభుత్వము తమిళము, ఇంగ్లీషు అను రెండు భాషల విధానమును స్వీకరించెను. 1978లో ఆరవ ఫారమునకు వారసురాలైన పదునొకండవ తరగతి ఎస్.ఎస్.ఎల్.సి. పోయి, పది తరగతులపై రెండేండ్ల హయ్యరు సెకండరీ వచ్చెను. కాట్పాడి, సత్తువాచ్చారి వంటి శివారులలో నేడు మనము చూచు మెట్రిక్యులేషను పాఠశాలలు పాత ఇంగ్లీషు ఉన్నత పాఠశాలల కోవలోనివే. 2010వ సంవత్సరపు సమచ్చీర్ విద్యాచట్టముచే వాటి పాఠ్యక్రమము ప్రభుత్వ పాఠశాలల పాఠ్యక్రమముతో ఏకమైనను, మెట్రిక్యులేషను అను పేరు మాత్రము నిలిచినది.

2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము, ఒకటవ తరగతినుండి మొదలై ఏటికొక తరగతి చొప్పున, తమిళమును నిర్బంధ పాఠ్యభాషగా చేసెను. 2015-16లో అది పదవ తరగతికి చేరగా, తెలుగు, ఉర్దూ, కన్నడము, మలయాళము చదువు పిల్లల తలిదండ్రులు న్యాయస్థానములకు పోయి ఆయా సంవత్సరముల పరీక్షలకు మినహాయింపులు తెచ్చుకొనిరి.

సంఖ్యయే ప్రాణము

హక్కు కాగితముపై నుండును. తరగతి సంఖ్యపై నిలుచును. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, ఒక పాఠశాలలో నలువదిమందిగాని, ఒక తరగతిలో పదిమందిగాని ఉన్నచో ప్రాథమిక దశలో వారి మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని నిర్ణయించెను. తరువాత రాష్ట్రముల నడుమ కుదిరిన యొడంబడికలలో ఉన్నత దశకు, చివరి నాలుగు తరగతులలో అరువదిమంది, తరగతికి పదునైదుమంది అను లెక్క ఏర్పడెను. బడి తెరచుటకు ముందే తలిదండ్రుల భాషాభీష్టమును నమోదు చేయు పట్టికలనుండవలెనన్న సూచనయు అప్పుడే వచ్చినది.

ఈ అంకెలను తలిదండ్రులు నిదానముగా యోచింపవలెను. తరగతిలో పదునార్గురు తెలుగు పిల్లలున్నారనుకొందము. ఇరువురు తలిదండ్రులు తమ బిడ్డలను మరియొక బడికి మార్చినచో మిగిలినవారు పదునలుగురు. ఆ యిరువురి నిర్ణయము వారి యింటితో పోదు. మిగిలిన పదునలుగురి తెలుగు ఉపాధ్యాయుని స్థానము కూడ దానితో కదలును. ఉపాధ్యాయుడు విశ్రాంతి తీసికొన్న పిమ్మట ఆ స్థానము ఖాళీగా నుండును. కొంతకాలమునకు విభాగమే మూతపడును. ఇందు తలిదండ్రులను నిందించుట మా యుద్దేశము కాదు. బిడ్డ భవిష్యత్తునకై ఇంగ్లీషు కోరుట సహజము. మన తాతలును కోరిరి. పాఠశాలయందు తెలుగునకు స్థానము కోరుటయు అంతే సహజమని గ్రహింపవలెనని మాత్రమే మా మనవి.

మనము చేయదగినవి

మొదటిది: బిడ్డను ఏ పాఠశాలలో చేర్చినను, ప్రవేశపత్రమున మాతృభాష యను గడిలో తెలుగు అని స్పష్టముగా వ్రాయవలెను. ఇంగ్లీషు మాధ్యమమున చేర్చువారును దీనిని విస్మరింపరాదు. ఆ గడిలోని మాటయే రేపటి లెక్కకు ఆధారము.

రెండవది: ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలోనైనను తెలుగును ఒక భాషగా నేర్పుమని అడుగవలెను. ఒక్కరు వ్రాసిన విన్నపము బీరువాలో నుండిపోవచ్చును. పదునైదుగురు కలిసి, తరగతిని పేర్కొని, బడి తెరచుటకు ముందే వ్రాసినచో ప్రధానోపాధ్యాయుడు సమాధానము చెప్పక తప్పదు. వేలూరు, గుడియాత్తము పట్టణములలో పేటపేటకును ఇట్టి జాబితాను తయారు చేయుటకు సంఘము వారు సహాయపడగలరు.

మూడవది: తమిళమును పరాయిదిగా చూడరాదు. అది మన ఇరుగుపొరుగువారి భాష. మన అంగడి భాష. తెలుగు అక్షరములు చక్కగా వచ్చిన బిడ్డకు తమిళాక్షరములు కష్టము కావు. న్యాయస్థానమున మినహాయింపు కోరినవారు తమిళమును ద్వేషించి కోరలేదు; తమ భాషకు తావు మిగులవలెనని కోరిరి.

నాలుగవది: ఇంట దినమునకు అరగంట తెలుగు చదివింపవలెను. పాఠశాలలో తెలుగు లేని బిడ్డలకు ఇది మరింత అవసరము. తాతయ్య వ్రాసిన ఉత్తరమును, అమ్మమ్మ పారాయణము చేయు పుస్తకమును చదువలేని మనుమడు ఆ యింటిలోనే సగము పరాయివాడగును.

వేలూరున నూటయిరువదియేండ్లకు పైగా ఇంగ్లీషు విద్యాలయము నిలిచియున్నది. ఆనాటి తలిదండ్రులు తమకు కావలసిన చదువును కోరి తెచ్చుకొనిరి. దేశభాషలకే కట్టుబడిన మిషను సైతము వారి కోరికను మన్నింపవలసివచ్చెను. నేడు మనకు ఇంగ్లీషు కోరకయే లభించుచున్నది. కోరనిదే లభింపనిది తెలుగు. వచ్చు జూనులో బడులు తెరచులోపల మన పేటలలోని తెలుగు కుటుంబములవారు ఒకచోట కూడి, ఏ తరగతిలో ఎందరు బిడ్డలున్నారో లెక్క వేసికొనవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాము.